సన్‌మైకా వెనక కడప బండ

వరలక్ష్మీ వ్రతం రోజు పొద్దున్నే, బూరెలకి పూర్ణం ఉడుకుతుండగా, సింకు కింద కబోర్డు తలుపు ఊడి నా కాలి మీద పడింది. దాని పై బందు విరిగి ఏడాదైంది. ఒక చేత్తో పైకెత్తి, మోకాలితో నెట్టి మూయడం ఇంటిల్లిపాదికీ అలవాటైపోయింది. ఆ సాయంత్రం ముత్తైదువులకి కుంటుకుంటూనే తాంబూలాలు ఇచ్చాను. అందరూ వెళ్లాక మావారు తలుపుని గోడకి చేరేసి, "ఇక ఈ వంటింటి సంగతి తేల్చేద్దాం" అన్నారు.

తేల్చడానికి రెండు దారులున్నాయి. ఉన్న అరలు అలాగే ఉంచి తలుపులు, బందులు, సన్‌మైకా మాత్రం కొత్తవి వేయించడం ఒకటి. గట్టుతో సహా అంతా పీకించి మాడ్యులర్ కిచెన్ పెట్టించడం రెండోది. పంజాగుట్టలో ఒక షోరూముకి వెళ్తే, అక్కడి అమ్మాయి కంప్యూటర్‌లో మా వంటింటిని అద్దంలా మెరిపించి చూపించి, 4,35,000 అని కాగితం చేతిలో పెట్టింది. అమీర్‌పేటలో మా వీధి చివర పనిచేసే రాజస్థానీ కార్పెంటర్ వచ్చి టేపు పెట్టి కొలిచి, తలుపులు మార్చడానికి 1,10,000 అవుతుందన్నాడు. తేడా 3,25,000. మా అమ్మాయి కాలేజీ ఫీజు రెండేళ్లకి సరిపోయే డబ్బు.

మా అబ్బాయి కొత్తదే కావాలన్నాడు. మావారు "నీ ఇష్టం" అన్నారు గానీ, షోరూము కాగితంలో చివరి అంకెని నాలుగుసార్లు చూశారు. అత్తయ్య మాత్రం ఏమీ అనలేదు. ఆవిడకి 79 ఏళ్లు. 1989లో ఈ ఫ్లాటు కొన్నప్పుడు వంటింటి పని దగ్గరుండి చేయించింది ఆవిడా, మామయ్యగారూ. మామయ్యగారు పోయి పదకొండేళ్లయింది. పాతవి తీసేస్తే ఆయన గుర్తులు పోతాయని బాధపడుతున్నారేమో అనుకున్నాను. అడగడానికి నోరు రాలేదు. ఆ మొహమాటంలోనే, అసలు ఈ కబోర్డులు మన వంటిళ్లలోకి ఎలా వచ్చాయో తెలుసుకోవాలనిపించింది. దొరికినవి చదివాను, పెద్దవాళ్లని అడిగాను.

మా అమ్మమ్మ వంటింట్లో కబోర్డు లేదు. గోడలో గూళ్లు, పైన అటక, దూలానికి వేలాడే ఉట్టి ఉండేవి. పప్పులు డబ్బాల్లో, ఊరగాయలు జాడీల్లో, పాలూ పెరుగూ పిల్లికి అందకుండా ఉట్టి మీద. పొయ్యి నేల మీదే కాబట్టి వంటంతా కూర్చునే. పీట, కత్తిపీట, రోలు, తిరగలి అన్నీ నేల మీద కూర్చున్న మనిషి చేతికి అందేలా తయారైన వస్తువులే. లేవడం, వంగడం, కూర్చోవడం రోజుకి వంద సార్లు.

పట్నాల్లో కాస్త కలిగినవాళ్ల ఇళ్లలో జాలీ బీరువా ఉండేది. చెక్క చట్రానికి ఇనప జాలీ కొట్టి, నాలుగు కాళ్ల కిందా చీమలు ఎక్కకుండా నీళ్ల గిన్నెలు పెట్టేవారు. పాతబస్తీలో పుట్టి పెరిగిన మా పక్కింటావిడ దాన్ని నేమత్‌ఖానా అంటారు. మన వంటింటి కబోర్డుకి అమ్మమ్మ లాంటిది అదే. ఆ జాలీ వండిన పదార్థానికి గాలి తగలడానికి. ఇప్పటి తలుపులేమో గిన్నెలు కనపడకుండా దాచడానికి.

మనల్ని నేల మీంచి లేపి నిలబెట్టింది గ్యాస్. కట్టెల పొయ్యి, పొట్టు పొయ్యి, కుంపటి, కిరోసిన్ స్టౌ ఇవన్నీ నేల మీద పెట్టుకుని వండుకోవచ్చు. గ్యాస్ సంగతి వేరు. సిలిండర్ నిలువుగానే ఉండాలి, స్టౌ సిలిండర్ కన్నా ఎత్తులో ఉండాలి అని కనెక్షన్ ఇచ్చేటప్పుడే చెప్తారు. వంట గ్యాస్ గాలి కన్నా బరువు. లీకైతే కిందికి దిగి నేల మీద పరుచుకుంటుంది కాబట్టి మంట కింద ఉండకూడదు. అలా గట్టు తప్పనిసరైంది. గట్టు వచ్చాక దాని కింద ఖాళీ వచ్చింది. ఖాళీ వచ్చాక సామాను చేరింది, సామాను కనపడకుండా తలుపులొచ్చాయి.

మన దేశంలో ఇళ్లకి గ్యాస్ సిలిండర్లు 1955లో బొంబాయిలో బర్మా షెల్ కంపెనీ బర్షేన్ పేరుతో మొదలుపెట్టింది. 1965లో ఇండేన్ వచ్చింది. మన రాష్ట్రంలో పల్లెల్లోని డ్వాక్రా మహిళల దాకా గ్యాస్ చేరడం 1999లో దీపం పథకంతో ఊపందుకుంది. బొంబాయి నుంచి పల్లె దాకా ఆ ప్రయాణానికి నలభై ఏళ్లు పైనే పట్టింది. ఎక్కడికి చేరినా ఆడవాళ్లు కూర్చుని వండడం మానేసి నిలబడి వండడం మొదలుపెట్టారు. పొగ పోయింది, దగ్గు పోయింది. అది చాలా పెద్ద మేలు. దాని వెనకే మడమల నొప్పి, నడుం నొప్పి వచ్చాయి. వాటి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

ఇప్పుడు షోరూముల్లో చూసే వంటింటి నమూనాకి మూలం మాత్రం జర్మనీలో ఉంది. 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కట్టిన చిన్న ఇళ్ల కోసం మార్గరెటె షుట్టె-లిహోట్స్‌కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్టు ఒక వంటిల్లు తయారుచేసింది. సుమారు 3.4 మీటర్ల పొడవు, 1.9 మీటర్ల వెడల్పు. రైలు పెట్టెల్లోని వంటగదులు చూసి, వంట చేసే మనిషి ఎన్ని అడుగులు వేస్తుందో లెక్కలు కట్టి గీసింది. పంచదార లాంటి సరుకులకి పిడి ఉన్న అల్యూమినియం డబ్బాలు, గోడ పొడుగునా అరలు, ఈగలు వాలవన్న నమ్మకంతో నీలి రంగు. అలాంటివి దాదాపు 10,000 ఇళ్లలో పెట్టారు. తమాషా ఏమిటంటే, అది గీసేనాటికి తనకి వంటే రాదని ఆవిడే తర్వాత చెప్పుకుంది.

ఆ వంటింట్లో నన్ను ఆపేసిన వస్తువు ఒకటుంది. కిటికీ కింద తక్కువ ఎత్తులో ఒక బల్ల, దాని ముందు తిరిగే స్టూలు. కూరలు తరగడం లాంటి పనులు కూర్చుని చేసుకోవడానికి. ప్రపంచమంతా ఆ అరల వరసని తీసుకుంది. స్టూలు మాత్రం దారిలో ఎక్కడో జారిపోయింది. పంజాగుట్ట షోరూములో పదకొండు రకాల వంటిళ్లు చూశాను. ఒక్కదాంట్లోనూ వంట చేసే మనిషికి కూర్చునే చోటు లేదు.

ఇక మా అమీర్‌పేట సంగతి. పక్కనే ఉన్న సనత్‌నగర్ పేరులోనే పరిశ్రమ ఉంది. ఉర్దూలో సనత్ అంటే అదే. 1942లో మొదలైన ఆల్విన్ అక్కడే స్టీలు బీరువాలు, బస్సు బాడీలు, తర్వాత ఫ్రిజ్‌లు చేసింది. ఆ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ల కుటుంబాలు చుట్టుపక్కల కాలనీల్లో స్థిరపడ్డాయి. మామయ్యగారు కూడా సనత్‌నగర్‌లో ఒక కంపెనీలో ఉద్యోగం చేసినవారే. 1980ల్లో స్థలాల ధరలు పెరిగి, పెంకుటిళ్లు, డాబాలు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టడం మొదలైంది. ఆ కట్టడాలకీ కొనుగోళ్లకీ పద్ధతి ఏర్పరచడానికి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం 1987లో వచ్చింది. ఆ రెండేళ్లకే మావాళ్లు ఈ ఫ్లాటు కొన్నారు.

అప్పటి వంటిళ్లు చాలావరకు ఒకే తీరు. పలకలుగా నిలబెట్టిన కడప బండలు, వాటి మీద అడ్డంగా మరో కడప బండ. అదే గట్టు, దాని కిందవే అరలు. కడప రాయి పొరలు పొరలుగా విడివడే నల్ల సున్నపురాయి. పలకలుగా తీయడం తేలిక, ధర తక్కువ. నేలకి షాబాద్ బండలో తాండూరు బండలో, అరలకి కడప బండ. దానికో లోపం ఉంది, మీకూ తెలిసే ఉంటుంది. సున్నపురాయి కదా, నిమ్మరసమో చింతపండు పులుసో పడితే తెల్లటి మచ్చ పడుతుంది. అందుకే తర్వాత రోజుల్లో పైన చీమకుర్తి నల్ల గ్రానైట్, కరీంనగర్ టాన్ బ్రౌన్ పరిచారు. మా గట్టు మీదికి గ్రానైట్ 1997లో వచ్చింది, నేను కాపరానికొచ్చిన మరుసటి ఏడాది.

ఆ బండల ముందు చెక్క చట్రం బిగించి, తలుపులు పెట్టి, వాటి మీద సన్‌మైకా అంటిస్తే కబోర్డు అయ్యేది. సన్‌మైకా ఒక బ్రాండు పేరు. వాడి వాడి అన్నిటికీ అదే పేరైపోయింది. మా ఇంట్లో మాత్రం అత్తయ్య ఎప్పుడూ డెకోలం అనే అంటారు. డెకోలం సనత్‌నగర్‌లోని బేకలైట్ హైలం కంపెనీ సరుకు. హైలం అనే పేరు కూడా హైదరాబాద్ లామినేట్ అన్న మాటల్లోంచి పుట్టిందే. మా తలుపుల మీది ఆకుపచ్చ పూల రేకు ఎక్కడో విదేశాల్లో తయారైందని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. అది ఆటోలో పది నిమిషాల దూరం నుంచి వచ్చింది!

ఈ రేకుల్లో చెక్క లేదు, మైకా కూడా లేదు. గోధుమరంగు గట్టి కాగితాల్ని ఫినాల్ రెసిన్‌లో తడిపి పొరలుగా పేర్చి, పైన రంగు కాగితాన్ని మెలమైన్ రెసిన్‌తో పెట్టి, వేడి చేసి గట్టిగా అదుముతారు. 1907లో లియో బేక్‌లాండ్ అమెరికాలో బేకలైట్ కనిపెట్టాడు. 1912లో అక్కడి ఇద్దరు ఇంజనీర్లు అలాంటి రెసిన్‌తో కరెంటు పరికరాల్లో వాడే మైకాకి బదులు వస్తువు తయారుచేశారు. మైకాకి బదులు అనే అర్థంలో దానికి ఫార్మైకా అని పేరు పెట్టారు. వంటింటి గట్టెక్కడం ఆ తర్వాతి కథ.

మైకా అంటే మన అభ్రకం, కాకిబంగారం. అత్తయ్య పుట్టింది నెల్లూరు జిల్లా గూడూరు దగ్గర, అభ్రకం గనుల సీమలో. చిన్నప్పుడు గనుల పక్క దిబ్బల్లో మెరిసే ముక్కలు ఏరుకుని బొమ్మల కొలువులో పెట్టేవారట. నేను చదివింది చెప్తే ఆవిడ నవ్వి, "అయితే నా వంటింట్లో ఉన్నది కాకిబంగారం కూడా కాదు, దానికి నకలా?" అన్నారు. వంటింటి గురించి ఆవిడ నోరు విప్పింది ఆ రోజే.

నేను అప్పుడే అడగాల్సింది. కానీ నా ధోరణిలో నేనున్నాను. ఆ వారం పంజాగుట్టలో మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషను ఎర్రమంజిల్. 1870 ప్రాంతంలో ఫక్రుల్ ముల్క్ కట్టించిన ఆ భవనాన్ని పడగొట్టి కొత్త అసెంబ్లీ కట్టాలని 2019లో ప్రభుత్వం నిర్ణయించింది. జనం కోర్టుకెళ్లారు. ఆ సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. అంత పెద్ద భవనానికే కూల్చాలా ఉంచాలా అన్న వాదన జరిగినప్పుడు, నా వంటింటి గురించి నేను తటపటాయించడం తప్పేం కాదనుకున్నాను. ఉంచడమే గొప్ప పని అని కూడా మనసులో ఒక నిర్ణయానికి వచ్చేశాను, నిజం చెప్పాలంటే.

కార్పెంటర్‌ని మళ్లీ పిలిచి, ధర సంగతి పక్కన పెట్టి అన్ని తలుపులూ విప్పి చూపించమన్నాను. మీరూ నిర్ణయానికి ముందు ఈ పని చేయించండి. ముఖం చూసి ఏదీ తెలియదు. మా తలుపుల చెక్క నీళ్లకి ఉబ్బి, అంచుల్లో పొరలు విడిపోయింది. సింకు కింద చట్రంలో స్క్రూడ్రైవర్ గుచ్చితే బెండులో దిగినట్టు దిగింది, చెదలు. వాటి వెనక బండలు మాత్రం చెక్కుచెదరలేదు. వేలితో కొడితే ఖంగుమన్నాయి. "యే పత్థర్ హై మేడమ్, ఇస్కో హాథ్ మత్ లగావ్" అన్నాడతను. ఆ నిలువు బండల మీదే పైనున్న గ్రానైట్ బరువంతా ఉంది. అవి తీస్తే గట్టు తీయాలి, గట్టు తీస్తే సింకు, కుళాయి గొట్టాలు, వెనక టైల్సు అన్నీ కదులుతాయి. షోరూము లెక్క ఎందుకంత అయిందో అప్పుడు అర్థమైంది. మాడ్యులర్‌లో ఆ బండల స్థానంలో వచ్చేది ప్లైవుడ్ పెట్టె. మంచిదైతే నీళ్లకి తట్టుకునే మెరైన్ ప్లై, దానికి ఐఎస్ 710 గుర్తు ఉంటుంది. చవకదైతే నొక్కిన చెక్కపొట్టు. ఎంత మంచిదైనా రాయి కన్నా గట్టిది కాదు.

మీ ఇంట్లో పెట్టెలే ప్లైవుడ్‌వైతే లెక్క వేరు. సింకు కింద అడుగు చెక్కని బొటనవేలితో నొక్కి చూడండి. మెత్తగా ఉంటే, బందుల స్క్రూలు ఎంత తిప్పినా పట్టు దొరక్కపోతే, కొత్త తలుపులు వేయించినా అవీ కొన్నాళ్లకి ఊడతాయి. గోడలో గొట్టం కారుతుంటే ముందు అది బాగుచేయించాలి. పెట్టె గట్టిగా ఉండి, వస్తువులు మీకు కావలసిన చోటే ఉంటే తలుపులు మారిస్తే చాలు. చివరి మాట తేలికగా రాసేశాను గానీ, నేను బోల్తా పడింది అక్కడే. వస్తువులు ఎవరికి కావలసిన చోట ఉన్నాయి?

ఆ సాయంత్రం తలుపులు లేని అరలు సర్దుతుంటే, గట్టు కింద మూల అరలో పాత పీట ఒకటి బయటపడింది. జానెడు ఎత్తు, పైన అరిగి నున్నగా ఉంది. పూజకి వాడేవారనుకుని కడిగి దేవుడి గదిలో పెట్టబోయాను.

"అది దేవుడిది కాదమ్మాయ్, నాది" అన్నారు అత్తయ్య.

గట్టు కట్టేటప్పుడు మేస్త్రీ ఎత్తు ఎంత పెట్టమంటారని అడిగితే, మామయ్యగారు నిలబడి తన నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపించారట. ఆయన ఆరడుగులకి రెండంగుళాలు తక్కువ. ఈవిడ ఐదడుగులు కూడా లేరు. నేను వచ్చేదాకా ఆ పీట ఎక్కే వండారు. కుడి ఎడమలకి జరిగినప్పుడల్లా కాలితో పీటని కూడా జరిపేవారు. నేను ఐదడుగుల మూడంగుళాలు. నేను వచ్చాక పొయ్యి నాకు వదిలేసి, ఆవిడ హాల్లో నేల మీద కూర్చుని కూరలు తరగడం, పిండి కలపడం పెట్టుకున్నారు. మోకాళ్లు అరిగాక అదీ మానేశారు. అత్తయ్య పెద్దవారై వంటింటి పని వదిలేశారని ఇన్నేళ్లూ అందరికీ చెప్తూ వచ్చింది నేనే.

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?" అన్నాను.

"గట్టు కట్టేశాక ఏం చెప్పను? పగలగొట్టమంటానా?"

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడకి మాత్రం అదేం పెద్ద విషయంలా లేదు. "పోనీ, ఇప్పుడు పగలగొట్టించేద్దామా?" అని అడిగాను.

"రాయి బాగానే ఉంది కదా, దాన్నెందుకు పగలగొట్టడం? నేను కుర్చీలో కూర్చుని నాలుగు చిక్కుడుకాయలు ఒలుచుకునే చోటు చూడు. మీ మామయ్య గుర్తులు ఆ తలుపుల్లో ఏం లేవులే, ఆ రంగు నాకు మొదట్నుంచీ నచ్చదు."

నిర్ణయం ఆ రాత్రి అయిపోయింది. బండలు, గ్రానైట్ అలాగే ఉంచాం. తలుపులన్నీ మెరైన్ ప్లైతో కొత్తవి, పైన 1 మి.మీ. లేత పసుపు లామినేట్. సింకు కింద చెక్క చట్రం తీయించి అల్యూమినియం పెట్టించాం. నేల దగ్గరి మూడు అరల్లో సొరుగులు వచ్చాయి, వంగి లోపలికి తలదూర్చే పని తప్పింది. వాటి దగ్గరే ఎక్కువ శ్రమ అయింది. మేస్త్రీ చేత్తో నిలబెట్టిన బండలు కదా, ఒక్కో అర పైన పద్దెనిమిదింపావు అంగుళాలుంటే కింద పద్దెనిమిదికి పావు తక్కువ. రెడీమేడ్ సొరుగు ఏదీ పట్టదు, ప్రతిదీ విడిగా కొలిచి చేయాల్సిందే. కిటికీ పక్క అరలో, గట్టుకి ఏడంగుళాల కింద, బయటికి లాగే బల్ల పెట్టించాం. కుర్చీలో కూర్చున్న మనిషి చేతులకి సరిగ్గా అందుతుంది. అంతా కలిపి 1,68,000 అయింది, తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ హాల్లో ఇండక్షన్ స్టౌ మీద పప్పుచారుతో గడిపేశాం.

ఇప్పుడు పొద్దున్న పదింటికి అత్తయ్య ఆ బల్ల లాగి కూర్చుంటారు. పై సొరుగులో ఆవిడ కళ్లజోడు, అట్ట ఊడిన మాలతీ చందూర్ వంటల పుస్తకం ఉంటాయి. నేను పోపు వేస్తుంటే ఆవాలు ఇంకా చిటపటలాడలేదని అక్కడ్నుంచే చెప్తారు. ఒక్కోసారి విసుగొస్తుంది కూడా, దాచడం ఎందుకు!

పీట పారేయలేదు. పై అరల్లో డబ్బాలు నాకూ అందవు, ఇప్పుడు అది నేను వాడుతున్నాను.